మురికి అంటించడమూ ఒక విద్యే!

మురికి వదిలించడంలో మనల్ని మించినవాళ్ళెవరు? మరి అదే మురికిని పనిగట్టుకుని అంటించమంటే? నవ్వకండి, నేను చేస్తున్న పని అదే!

మా నాన్నగారు 1971 యుద్ధంలో, పశ్చిమ సరిహద్దున టి-55 ట్యాంకు నడిపారు. ఎంత అడిగినా ఆ కబుర్లు చెప్పేవారు కాదు. ఆ ట్యాంకు నమూనానే, అసలులో 35వ వంతుది, విడి ముక్కలుగా తెప్పించుకుని అతికించాను. ఫిరంగి గొట్టం కాక ఆరున్నర మీటర్లుండే బండి 18 సెంటీమీటర్లకు వచ్చింది. "ఈ వయసులో బొమ్మలాటలేంటే!" అంది మా పిన్ని.

ముందు ఆకుపచ్చ రంగు వేయాలి. ఆరాక వార్నిష్ పూసి, బాగా పల్చన చేసిన ముదురు గోధుమరంగు ఆయిల్ పెయింటు సందుల్లోకి పారిస్తే నీడలు తేలతాయి. కుంచెకున్న లేతరంగును గుడ్డకు తుడిచేసి, పొడిపొడిగా అంచులకు రాస్తే అరిగిన ఇనుములా ఉంటుంది. టి-55 పొగగొట్టం ఎడమవైపు కాబట్టి మసి అక్కడే పట్టించాలి.

మట్టి ఎక్కడ పేరుకుంటుందో నాకు నేర్పినవి మా పర్చూరు ట్రాక్టర్లే. నల్లరేగడి తడిస్తే చక్రాలకు ముద్దలు కడుతుంది, ఆరితే బూడిదరంగుకు తిరుగుతుంది. మా పత్తిచేలో మట్టి గుడ్డలో జల్లించి, "ఇది చల్లనా నాన్నా?" అని అడిగాను.

"మన మట్టి కాదమ్మాయ్. అక్కడి దుమ్ము గోధుమపిండిలా ఉండేది" అన్నారు. ఇక ఆగలేదు. వడ్డించిన అన్నం చల్లారిపోయినా మేమెవరం లేవలేదు. చక్రాలకు ఆయన చెప్పిన రంగే వేశాను.

మీ ఇంట్లోనూ నోరు విప్పని పెద్దవాళ్ళుంటే గుచ్చి గుచ్చి అడక్కండి. ఒకనాడు వాళ్ళ చేతిలో మెలిగిన వస్తువేదైనా ఎదురుగా పెట్టి చూడండి.