చేతుల కొలతకు విల్లు
మిషిగన్‌లో అక్టోబర్ 1 నుంచి విల్లుతో జింకల వేటకు అనుమతి. అందుకే వేసవి చివర ఇక్కడి విల్లుల దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. మా ఇంట్లో వేట అలవాటు లేదు. కానీ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆర్చరీలో మూడు స్వర్ణాలు గెలిచినప్పటి నుంచి మా అమ్మాయికి విల్లు పిచ్చి పట్టుకుంది. 2028 ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారని తెలిశాక అది ముదిరింది.

కారైనా ఫోనైనా అంకెలు పక్కపక్కన పెట్టి కొనే జాతి మనది. విల్లు దగ్గర ఆ విద్య అంతగా పారదు. చీటీ మీద సెకనుకు 340 అడుగుల వేగం అని ఉంటుంది. అది 30 అంగుళాలు లాగి, 70 పౌండ్ల బలంతో, 350 గ్రెయిన్ల తేలికపాటి బాణం వదిలితే వచ్చే లెక్క. లాగే పొడవు ఒక్క అంగుళం తగ్గితేనే సుమారు పది అడుగుల వేగం పోతుంది.

విల్లు కొనడానికి వెళ్తే, దుకాణం పెద్దాయన ముందు మా అమ్మాయిని గోడకు ఆనించి చేతులు బార చాపమన్నాడు. ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు 65 అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే 26. ఆమె లాగాల్సిన పొడవు దాదాపు అంతే. తర్వాత రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయమన్నాడు. ఎడమ కన్ను మూసినా గడియారం కదల్లేదు. అంటే గురి చూసేది కుడి కన్ను, కుడిచేతి విల్లే సరిపోతుంది.

ఇక బరువు. కాంపౌండ్ విల్లు చివర్లలో తిరిగే క్యామ్‌లు ఉంటాయి. మొదట పూర్తి బరువు లాగాల్సిందే. క్యామ్ తిరిగాక 80 శాతం భారం అదే మోస్తుంది. 40 పౌండ్ల విల్లయితే గురి చూసేటప్పుడు వేళ్ల మీద ఉండేది ఎనిమిది పౌండ్లే. ఆ సుఖం చూసి మనవాళ్లు కొందరు 70 పౌండ్లది కొనేసి, విల్లును ఆకాశంలోకి ఎత్తి ఒళ్లంతా మెలితిప్పుతూ లాగుతుంటారు. పరీక్ష తేలిక: కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీంచి ఎత్తి, విల్లును గురివైపే ఉంచి లాగాలి. మా అమ్మాయి 35 పౌండ్లు తేలిగ్గా లాగింది, 45 దగ్గర భుజాలు చెవులదాకా లేచాయి.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి 38 అంగుళాల పోటీల విల్లు. పొడవు వల్ల చెయ్యి వణికినా గురి అంతగా చెదరదు, కానీ ఖరీదెక్కువ. రెండోది పొట్టిది, లాగే పొడవూ బరువూ పిల్లతోపాటు పెంచుకోవచ్చు.

‘‘ఏవండీ, ఇంకా ఎదిగే పిల్ల. రెండేళ్లకు చెయ్యి సాగితే?’’ అంది మా ఆవిడ.

‘‘నాన్నా, పోటీలకు వెళ్లేవాళ్లంతా పొడవుదే వాడతారు!’’

‘‘పోటీలదాకా వెళ్లు తల్లీ, అప్పుడు అదే కొందాం.’’

పొట్టిదే తీసుకున్నాం. మిగిలిన డబ్బు బాణాలకు, నారి వదిలే రిలీజుకు, కోచ్ ఫీజుకు సరిపోయింది. ఇచ్చేముందు పెద్దాయన ఒకటే గట్టిగా చెప్పాడు: బాణం లేకుండా నారి లాగి వదలకూడదని. బాణానికి వెళ్లాల్సిన శక్తంతా విల్లు మీదే పడి అది పగిలిపోవచ్చు, చేతికీ గాయమవుతుంది. ఇంటికొచ్చే స్నేహితులు ముందు చేసే పని అదే కాబట్టి, మా ఇంట్లో విల్లు పెట్టెకు తాళం ఉంటుంది.