మా ఇంటి ఇలకోళ్లు

మా ఫ్లాట్‌కి వచ్చినవాళ్లు ముందు హాల్లో చేపను చూస్తారు. కాసేపటికి చెవులు రిక్కించి, "అంకుల్, ఎక్కడో కీచురాయి అరుస్తోంది" అంటారు. అరిచేవి, అరవనివి కలిపి మూడు వందల దాకా ఉన్నాయని చెప్పను. చెబితే టీ తాగకుండానే లేచిపోతారని మా ఆవిడ భయం.

చేప సిల్వర్ అరోవానా. పుట్టిల్లు అమెజాన్ నదీ తీరం. హైదరాబాద్‌లో మాత్రం అందరికీ అది 'వాస్తు చేప'. కూకట్‌పల్లిలో ఈ ఫ్లాట్ కొన్నప్పుడు అదృష్టం కలిసొస్తుందని మా అబ్బాయికి స్నేహితులు కానుకగా ఇచ్చారు. అప్పుడు జానెడు కూడా లేదు, ఇప్పుడు రెండడుగులు. అదృష్టం సంగతేమో గానీ, ఆరడుగుల తొట్టి వచ్చాక కరెంటు బిల్లు మాత్రం పెరిగింది.

దాని నోరు పైకి తెరుచుకుంటుంది. సొంత ఊళ్లో నీటి మీదికి వంగిన కొమ్మల మీది పురుగుల్ని ఎగిరి అందుకునే జాతి అది. అందుకే తొట్టికి బరువైన మూత. షాపులో అమ్మే గుళికలు ముట్టదు. రొయ్యలు తింటుంది, కీచురాయి వేస్తే మాత్రం పండగే. కొని తెచ్చిన కీచురాళ్లు సగం సంచీలోనే చస్తున్నాయని, ఇంట్లోనే పెంచే పని నాకు అప్పగించారు. రిటైరై ఖాళీగా ఉన్నది నేనొక్కణ్నే. పైగా ముప్పై ఏళ్లు రైతులకు సలహాలు చెబుతూ పొలాల వెంట తిరిగిన సర్కారు కొలువు నాది. పురుగుల సంగతి నాకు తెలుసని ఇంటిల్లిపాదీ నమ్మకం. నిజమే, తెలుసు. చంపడం తెలుసు.

మొదటి విడతను ఒక వానాకాలం రాత్రి వీధి లైటు కింద పట్టుకొచ్చాను. నల్లటి ఒళ్లు, రెక్కల మొదట్లో రెండు పసుపు మచ్చలు. శాస్త్రవేత్తలు గ్రిల్లస్ బైమాక్యులేటస్ అంటారు. మా అమ్మ ఇలకోడి అనేది. మూతకు జాలీ బిగించిన ప్లాస్టిక్ టబ్బు, దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు, తినడానికి కోళ్ల దాణా, క్యారెట్ తొక్కు. నీళ్లు గిన్నెలో పెడితే మునిగి చచ్చాయి. తర్వాత తడి దూది పెట్టడం నేర్చుకున్నాను.

ఆడదాన్ని గుర్తుపట్టడం సులువు. వెనకాల సూదిలాంటి గొట్టం ఉంటుంది. ఐస్‌క్రీం డబ్బాలో తడి ఇసుక పెడితే ఆ సూదిని గుచ్చి గుడ్లు పెడుతుంది. ఇసుక ఆరకూడదు, ముద్ద కాకూడదు. ఎండాకాలమైతే పది పన్నెండు రోజుల్లో పిల్లలు చీమల్లా పైకొస్తాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒళ్లు తెల్లగా, మెత్తగా ఉంటుంది. తిండి చాలకపోతే పక్కది దాన్నే తినేస్తుంది. దాదాపు నెలన్నరకు రెక్కలొస్తాయి. పాడేది మగది, అదీ గొంతుతో కాదు, రెక్కకు రెక్క రాసి. ఆ పాట వినే చెవులు ముందు కాళ్ల మీద ఉంటాయని చెబితే మా మనవడు నమ్మలేదు. "కాళ్లకు చెవులేంటి తాతయ్యా!" భూతద్దంలో చూపించాక స్కూలంతా చాటాడు.

"పెంచి మరీ చంపడమేంటండీ?" అని మా ఆవిడ గొడవ. చివరికి శనివారం చేపకు ఉపవాసం అన్న ఒప్పందం మీద సద్దుమణిగింది. వారానికో పూట పస్తు దానికీ మంచిదే.

మొన్న ఏప్రిల్‌లో ఒక రోజు క్యారెట్ తక్కువైంది. తోపుడు బండి మీద కొన్న పాలకూర కట్టలోంచి నాలుగు ఆకులు మొదటి టబ్బులో వేశాను. రెండో టబ్బుకు ఉన్న క్యారెట్టే సరిపెట్టాను. సాయంత్రానికి మొదటి దాంట్లో కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. పక్క టబ్బులో పాట మామూలే. పరీక్ష చేయించలేదు. అవసరం లేదు. నరాల మీద పనిచేసే మందు పడితే పురుగు ఎలా కొట్టుకుంటుందో వేల ఎకరాల్లో చూసినవాణ్ని.

ఆ కట్టలో మిగిలిన ఆకుతో ముందు రోజు మధ్యాహ్నం పాలకూర పప్పు చేశారు. మనవడు రెండుసార్లు వేయించుకున్నాడు.

మా కెవరికీ ఏమీ కాలేదు. కడిగాం, ఉడికించాం, కీచురాయిని చంపే మోతాదు మనిషినేం చేస్తుంది? మా ఆవిడకు ధైర్యం చెప్పాను: "మనిషికేం కాదు." ఆ మాట నా నోటినుంచి వస్తుంటే నాకే పాత గొంతు వినిపించింది. వరంగల్ జిల్లా పత్తి చేలల్లో అదే మాట చెప్పాను. మూతికి గుడ్డ కట్టుకోండి, మనిషికేం కాదు. 1997లో లద్దె పురుగు విరుచుకుపడినప్పుడు మందు పేరు, మోతాదు చీటీ రాసిచ్చాను. చావలేదంటే ఇంకోటి రాశాను. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. ఆ ఏడాదీ, 1998లోనూ ఎందరో రైతులు అదే మందు తాగారు. ఒక ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు గూట్లో పురుగు మందు డబ్బా పక్కన నా చేతిరాత చీటీ ఉంది. ఈ సంగతి ఇంట్లో ఇన్నాళ్లూ చెప్పలేదు.

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ కొట్టకూడదని 2005లోనే నిషేధం వచ్చింది. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోతే, తేలింది ఆ మందే. ఇవన్నీ పేపర్లో చదివి పక్కన పెట్టాను. నేను పెంచినవి నా టబ్బులో చచ్చేదాకా అది నా వంటింటి సంగతి అనిపించలేదు.

మర్నాడు బండి అతన్ని అడిగాను. అతను తడుముకోలేదు. "ఆకుకు చిల్లుంటే మీరే పక్కన పడేస్తారు కద సార్. మందు కొట్టకపోతే ఎవరు కొంటారు?" నిజమే. ఆ కట్టను ఏరి ఏరి తీసుకున్నది నేనే.

ఇప్పుడు బాల్కనీలో నాలుగు కుండీల్లో పాలకూర వేశాను. అది చాలని రోజు బండి దగ్గరికే వెళ్తాను. కొన్న ఆకు ముందు సీసాలోని ఐదు కీచురాళ్లకు, అవి తెల్లారి బాగుంటేనే వంటింట్లోకి. కట్టలు తిరగేసి చిల్లులున్నవే ఏరుకుంటుంటే మొన్న అతను నవ్వాడు.

"మేకలకా సార్?"

"కాదు, మనవడికి" అన్నాను.