నక్కవాగు గట్టున

హైదరాబాదు చెంతఁ బటాన్‌చెరు ప్రాంతమున నక్కవాగును జూడఁబోయితిమి. కర్మాగారముల మురుగుచే నిచటి నీరు, నేల చెడుటను గూర్చి 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము పడినది. గట్టు ప్రక్కనే మా యాడుబిడ్డ మడి యున్నది.

"వదినా! ఆవాలు చల్లిన మన్ను బాగుపడునఁట. ఆకు కూరకును వచ్చును" అని యామె యనఁగా మా గుండె ఝల్లుమన్నది.

ఆవమొక్క సీసము, కాడ్మియము వంటి లోహములను వేళ్ళతోఁ బీల్చి తనలో దాఁచుకొనును గాని హరింపదు. వేళ్ళ నాశ్రయించిన సూక్ష్మజీవులు నూనెల వంటివానిని విఱిచి మ్రింగఁగలవు. లోహమును మాత్రము మాయము చేయలేవు. కావున నా పైరును గోసి, పశువులకైనఁ బెట్టక, వేఱుగాఁ దీసికొనిపోయి భద్రపఱుపవలెను. ఒక్క కారుతోఁ దీఱునది కాదు, ఏండ్లు పట్టును. వట్టివేరు లోహమును జాలవఱకు వేళ్ళయందే నిలుపును. గట్టును గూడఁ గాచును. ఆ వేళ్ళను మాత్రము కూజాలో వేయరాదు సుఁడీ!

"ముందు మన్నును బరీక్షకుఁ బంపుము" అంటిమి. ఆమె కొంగున ముడివైచిన యావాలను విప్పలేదు.