సర్జాపుర బజారులో పలకని తాళంచెవి

బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారికి సర్జాపుర రోడ్డు కొత్త కాదు. కోరమంగల నుండి అగర, కైకొండ్రహళ్ళి, దొమ్మసంద్రల మీదుగా పోయే ఆ దారిలో ఒకప్పటి రాగిచేల స్థానంలో ఇప్పుడు మేడలే మేడలు. దారి కొసనున్న సర్జాపుర మాత్రం ఆనేకల్ తాలూకాలో ఏనాటినుంచో ఉన్న ఊరు. నేతపనికి పేరుపడ్డ ఊరు. తమిళనాడు సరిహద్దు అక్కడికి దగ్గరే. బజారులో నిలబడితే కన్నడం, తెలుగు, తమిళం మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి.

మొన్న వైశాఖంలో ఆ ప్రాంతాన బంధువుల గృహప్రవేశానికి మేము నలుగురం కారులో బయలుదేరాము. వెంట మా పిన్ని కూడా ఉన్నది. ఆమెకు చక్కెర జబ్బు. భోజనానికి ముందు ఇన్సులిన్ సూది తప్పనిసరి. మందును చిన్న మంచుపెట్టెలో సర్ది వెనుక సీటులో ఉంచాము. సర్జాపుర బజారులో పూలు, పళ్ళు కొందామని బండి ఆపి అందరం దిగాము.

పావుగంటలో తిరిగివచ్చి తాళంచెవి మీది బొత్తాము నొక్కితే కారు పలకలేదు. మళ్ళీ నొక్కాము. చేయి పైకెత్తి నొక్కాము. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బిళ్ళ బ్యాటరీ అయిపోయిందేమోనని గడియారాల కొట్లో కొత్తది కొని వేయించాము. అయినా అంతే! పన్నెండు దాటింది. ఎండకు కారు పొయ్యిలా కాగుతున్నది. లోపల మందు చెడిపోతుందేమోనని మాకు ఆదుర్దా. పిన్ని మాత్రం, "నా సంగతి సరే నాయనా, ముందు పిల్లకు మంచినీళ్ళు పట్టించండి" అన్నది.

పక్కనే మోటారు కరెంటు పనులు చేసే పెద్దాయన ఒకరు ఇదంతా చూసి లేచి వచ్చారు. "ఏమి సామీ, బండి పలకలేదా? మీదొకటే కాదు. పొద్దున్నుంచి ఈ వరసలో నిలిపిన బండ్లన్నీ ఇట్లే" అని, మా చేతిలోది తీసుకొని పక్కనున్న చిన్న మీట జరిపారు. లోపలినుండి సన్నని ఇనుప తాళంచెవి బయటికి వచ్చింది! అయిదేళ్ళుగా మా జేబులో ఉన్నా ఆ సంగతి మేమెరుగము. దానితో తలుపు తెరుచుకున్నది. మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. పిన్నికి ఊళ్ళోనే కాస్త ఫలహారం చూసి, సూది వేసి, తినిపించిన తరువాతగాని మా మనస్సు కుదుటపడలేదు.

ఇంతకూ జరిగినదేమిటి? మన భాషలో దానిని చెవి అంటాము గాని, నిజానికి అది నోరు. చెవి కారులో ఉన్నది. బొత్తాము నొక్కగానే తాళంచెవి రేడియోలో ఒక సంకేతం పలుకుతుంది. మన దేశంలో చాలా కార్లకు అది 433.92 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు 43 కోట్ల 39 లక్షల 20 వేల స్పందనలు. బిళ్ళ బ్యాటరీతో పలికే గొంతు గనుక చాలా సన్ననిది. తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేని బాట కావడంతో వైరులేని గంటలు మొదలైనవెన్నో అక్కడే చేరాయి. దగ్గరలో ఒకటి ఆగకుండా అరుస్తుంటే కారుకు మన మాట వినపడదు. తిరునాళ్ళలో పసిపిల్ల పిలుపు వంటిదన్నమాట.

పెద్దాయన అనుమానం ఒక దుకాణం మీదికి పోయింది. వెళ్ళి చూస్తే, పనివాణ్ణి పిలిచే గంట బొత్తాము మీద అట్టపెట్టెలు పడి అది నొక్కుకుపోయి ఉన్నది. పెట్టెలు తీయగానే మా కారు కిచకిచమన్నది!

ఇది సర్జాపురకే వచ్చిన చిక్కు కాదు. 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నార్త్ ఓమ్‌స్టెడ్ అనే ఊళ్ళో ఒక పేట మొత్తాన కార్ల తాళాలు, గ్యారేజి తలుపులు పనిచేయక జనం తికమకపడ్డారు. వెదకగా, ఒక ఇంటాయన సొంతంగా చేసుకొన్న బ్యాటరీ పరికరం 315 మెగాహెర్ట్జ్ మీద ఎడతెగక పలుకుతున్నట్లు తేలింది. అక్కడి తాళాలూ ఆ బాటవే. ఆయన ఎవరికీ చెడు తలపెట్టలేదు.

మా చిన్నతనంలో వ్యవహారం తలక్రిందులుగా ఉండేది. వీధిలో మోటారు పోతే ఇంట్లో రేడియో గరగరలాడేది. ఇంజనులోని నిప్పురవ్వ చేసే అల్లరి అది. అటువంటి గోల అదుపుకై 1934లోనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. స్పార్క్ ప్లగ్గులలో నిరోధం చేర్చి ఆ రవ్వ నోరు చాలావరకు కట్టారు. ఆనాడు రేడియోను ఏడిపించిన మోటారు ఈనాడు తానే రేడియోను నమ్ముకొని తిరుగుతున్నది.

తలుపు తెరుచుకోకపోవడం కన్న, పడని తాళాన్ని పడిందనుకొని వెళ్ళిపోవడం ఎక్కువ ప్రమాదం. కనుక బొత్తాము నొక్కిన తరువాత తలుపు ఒకసారి లాగి చూడండి. లోపలి ఇనుప చెవి ఎక్కడున్నదో ఇంటి దగ్గరే నేర్చుకోండి. బొత్తాముతో ఇంజను నడిచే బండ్లు చాలావాటిలో తాళంచెవిని ఆ బొత్తాముకు ఆనించి పట్టుకొంటే, బ్యాటరీ లేకున్నా కారు దానిని గుర్తిస్తుంది.

పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. "గృహప్రవేశానికి పోతున్నారు గదా, పోయి రాండి" అన్నారు. మేము చేరేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. పిన్ని మాత్రం దారి పొడుగునా ఆ ఇనుప తాళంచెవిని గుప్పిటిలో పట్టుకొనే కూర్చున్నది.