గీజర్ పోయిందా? కాస్త ఆగండి

మా గీజర్‌లో నీళ్లు కాగట్లేదని పిలిస్తే, వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా "కొత్తది తీసుకోండి సార్" అన్నాడు. ఇంత అన్యాయమా! ఇంకొకతను విప్పి చూపించాడు. బోరు నీళ్ల సున్నం ఎలిమెంట్ చుట్టూ పెంకులా గడ్డకట్టింది. ట్యాంకుకి తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే ఆనోడ్ రాడ్ సన్నటి పుల్లయిపోయింది. ఆ రెండూ మార్చాడు, నీళ్లు కాగుతున్నాయి. ట్యాంకే కారుతుంటే మాత్రం కొత్తది కొనాల్సిందే. అప్పుడైనా ముందు పాత వారంటీ కార్డు వెతకండి, చాలా కంపెనీలు ట్యాంకుకి విడిగా ఎక్కువ ఏళ్లు ఇస్తాయి. కొనక తప్పకపోతే, బకెట్ స్నానాలకి 15 లీటర్లు చాలు, 25 అంటగడితే ఒప్పుకోకండి. స్టార్ లేబుల్ చూడండి. ఫిట్టింగు, పైపుల ఖర్చెంతో డబ్బు కట్టకముందే అడగండి.