ఖజానా మీద తూటాలు, బొజ్జన్న మీద రాళ్లు

రండి రండి, ఇలా పొయ్యికి కాస్త ఎడంగా, గాలివాటం చూసుకుని కూర్చోండి. సంక్రాంతి ముందు రోజులు. అనకాపల్లి చుట్టూ బెల్లం వండే చోటల్లా ఇదే వాసన. పెనంలో రసం ఇంకా పల్చగానే ఉంది, మా పెదనాన్నగారబ్బాయి తెట్టు తీస్తున్నాడు. పాకం రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా చలి కాచుకుంటూ జోర్డాన్ కబుర్లు చెప్తాను, వింటారా?

మొన్న నవంబరులో వెళ్లాం. పద్నాలుగు మందిమి, అందరం ఈ చుట్టుపక్కల వాళ్లమే. మాతోపాటు మా వీధి పెద్దమ్మ కూడా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చేతిసంచీలో చిన్న బెల్లం దిమ్మ పెట్టుకుంది. ఎందుకు పెద్దమ్మా అంటే, "పరాయి దేశంలో నోరు చేదైతే ఎవర్ని అడుగుతావురా?" అంది.

జెరాష్‌లో రోమన్ల కాలం నాటి స్తంభాల వీధి, మదబా చర్చి నేలమీద ఆరో శతాబ్దంలో రంగురాళ్లు పేర్చి వేసిన పటం, మునుగుదామన్నా మునగనివ్వని మృత సముద్రం... ఇవన్నీ చూశాం. బాగున్నాయి. వాటి సంగతి ఇంకెవరైనా చెప్తారు. నేను పెట్రా గురించి చెప్పాలి.

పెట్రాలోకి వెళ్లే దారి పేరు సీక్. కొండ నిలువునా చీలిన సందు. కిలోమీటరు పైచిలుకు నడవాలి. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లు ఉంటుందేమో, తలెత్తితే ఆకాశం చీర అంచంత. మా గైడు ఆ పక్క ఊరు వాది ముసా వాడు. అందరూ పైకి చూస్తుంటే అతను మమ్మల్ని కిందికి చూడమన్నాడు. గోడ వెంబడే రాతిలో తొలిచిన కాలువ! ఇంకో వైపు మట్టి గొట్టాలు వేసిన జాడ. ఎడారిలో ఒక పట్నం బతికిందంటే ఆ కాలువల వల్లే అన్నాడు. నబాతీయులనే ఆ వర్తకులు దూరపు ఊట నీళ్లను ఊళ్లోకి తెచ్చుకున్నారు, వాన పడితే ఒక్క చుక్క వదలకుండా తొట్లలో పట్టుకున్నారు. తొట్లు అనగానే నాకు భీమిలి దారిలో మన తొట్లకొండ, బావికొండ గుర్తొచ్చాయి. కొండమీద ఉండే భిక్షువులు బండలో తొలిచి నీళ్లు పట్టుకున్న తొట్లే కదా, బావులే కదా ఆ కొండలకు పేర్లయ్యాయి. ఎన్నిసార్లు ఆ దారిన పోయానో, పేరులో నీళ్లున్నాయని ఎన్నడూ తట్టలేదు నాకు.

సీక్ చివర సందు విడిపోయి, ఎదురుగా ఎర్రటి కొండ ముఖాన చెక్కిన భవనం కనిపిస్తుంది. దాదాపు నలభై మీటర్ల ఎత్తు. ఒక్క రాయి తెచ్చి పేర్చింది లేదు, ఉన్న కొండనే తొలిచారు. రెండువేల ఏళ్ల నాటి పని. నాలుగో అరెతస్ అనే రాజు కాలానిదంటారు. పేరు అల్ ఖజ్నే. మన ఖజానాయే అది! అరబ్బీ మాట మన నోళ్లలో ఖజానాగా స్థిరపడింది. నిజానికి అది ధనాగారం కాదు, సమాధి కోసం చెక్కించిందని పండితుల అభిప్రాయం. కానీ ఆ కొండల్లోని బెదూయిన్లు తరతరాలుగా నమ్మింది వేరు. పైన, శిఖరం దగ్గర, రాతిలో చెక్కిన కలశం ఒకటుంది. ఏ రాజో అందులో నిధి దాచాడని వాళ్ల నమ్మకం. అందుకని కింద నిలబడి తుపాకులతో దాన్ని కాల్చేవారట, పగిలితే బంగారం రాలుతుందని. గైడు వేలు పెట్టి చూపించాడు. కలశం నిండా తూటాల గాట్లు.

"లోపల ఏముంది?" అని అడిగింది పెద్దమ్మ. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

"ఏమీ లేదమ్మా, బోలు కూడా కాదు. మొత్తం రాయే."

పెద్దమ్మ కాసేపు ఆ గాట్ల వంకే చూసి, "మన బొజ్జన్న లాగేరా" అంది.

నాకు గుండె కలుక్కుమంది. మీలో చాలామందికి తెలుసు ఎందుకో. మన శంకరం ఇక్కడికి ఎంత, మూడు కిలోమీటర్లు. కనుమ తీర్థానికి అక్కడి బొజ్జన్నకొండెక్కి, బొజ్జలా ఉబ్బెత్తుగా ఉన్న ఒక రాతి భాగం మీద రాళ్లు రువ్వేవాళ్లం. రాక్షసుడని చెప్పేవారు పెద్దవాళ్లు. ఏడేళ్లప్పుడు నేనూ రువ్వాను, గురి తగిలిందని మా నాన్న భుజం తట్టాడు. అది స్తూపంలో భాగం. శంకరం అంటే సంఘారామం, బొజ్జన్నకొండ అంటే బుద్ధన్నకొండ. పేర్లు మన నోళ్లలో అరిగిపోయాయి, అరిగిన పేరుకు కథ ఒకటి మొలిచింది, ఆ కథ చేతికి రాయి అందించింది. బౌద్ధులు, పాత కట్టడాల మీద మమకారం ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చెప్పిచెప్పి ఆ అలవాటు మాన్పించారు. వాళ్లకు దణ్ణం పెట్టాలి.

అక్కడ ఆశతో కాల్చారు, ఇక్కడ భయంతో కొట్టారు. నేను బెదూయిన్లను తప్పుపట్టలేను, మా నాన్ననూ తప్పుపట్టలేను. ఆ రాయి ఏమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఒరేయ్, ఆ పిప్పి ఇంకో నాలుగు మోపులు ఎగదొయ్యి, మంట తగ్గుతోంది.

పెట్రాలో ఇంకొకటి చూపించాడు గైడు. సగంలో ఆపేసిన సమాధి. పైన స్తంభాల తలలు రూపు కడుతున్నాయి, కింద పచ్చి కొండ అలాగే ఉంది. అంటే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారన్నమాట! కట్టడం కింద నుంచి పైకి లేస్తుంది, చెక్కడం పైనుంచి కిందికి దిగుతుంది. ఉలి గాట్లు ఏటవాలుగా, వరస తప్పకుండా, చేను దున్నిన చాళ్లలా ఉన్నాయి. వేలితో తడిమితే ఒక్కో గాటు ఒక్కో దెబ్బ. కుడిచేతి వాటం మనిషి చెక్కిందేనా ఇది అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఊరొచ్చిన వారానికి లింగాలకొండ ఎక్కాను. బొజ్జన్నకొండ పక్కనే. ఆ కొండబండనే వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలుగా మలిచారు. దూరానికి లింగాల్లా కనిపిస్తాయని ఆ పేరు. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి దూకేవాణ్ణి. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గుండ్రటి అండం కింద స్తూపం ఎక్కడ ఆగుతుందో, కొండ ఎక్కడ మొదలవుతుందో వేలితో వెతికాను. దొరకలేదు. రెండూ ఒకే రాయి.

ఒక ముచ్చట మరిచిపోయేవాణ్ణి. జోర్డాన్ నుంచి ఎర్రసముద్రం దాటితే ఈజిప్టు. అక్కడ బెరెనికే అనే పాత రేవులో తవ్వుతుంటే పాలరాతి బుద్ధుడు దొరికాడని 2023లో ప్రకటించారు. రెండో శతాబ్దం నాటిదట, 71 సెంటీమీటర్ల ఎత్తు. అదే చోట శాతవాహనుల నాణేలు కూడా దొరికాయి. మన శంకరంలో 1907-08లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు శాతవాహనుల నాణేలు, సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడ్డాయి. చూశారా, మన రాజుల నాణేలు ఆ ఎడారి రేవు దాకా వెళ్లాయి. మనం విమానంలో వెళ్లొచ్చి దూరం పోయామనుకుంటున్నాం!

చివరి రాత్రి వాది రమ్ ఎడారిలో గుడారాల్లో పడుకున్నాం. అక్కడా ఇలాగే మంట చుట్టూ కూర్చున్నాం. బెదూయిన్ ముసలాయన మసిబారిన కెటిల్‌లో టీ కాచి, చక్కెర దండిగా వేశాడు. పెద్దమ్మ లేచి సంచీలోంచి బెల్లం దిమ్మ తీసి, ఒక పెళ్ల విరిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాసన చూసి, నాలుక మీద వేసుకుని, గైడుతో ఏదో అన్నాడు. మీ ఊళ్లో ఏమేం ఉన్నాయని అడుగుతున్నాడు అన్నాడు గైడు.

బెల్లం అన్నాను. తర్వాత, ఒక కొండ ఉంది అన్నాను. ఎవరు చెక్కారు, ఎప్పుడు చెక్కారు అని మళ్లీ అడిగాడు. రెండు ముక్కలకే నా దగ్గర మాటలైపోయాయి. గైడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన ఊరి రాళ్ల గురించి చెప్తూనే ఉన్నాడు, నేను నా ఊరి కొండ గురించి ఒక్క నిమిషం చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

అప్పటినుంచి చదువుతున్నాను. ప్రతి ఆదివారం కొండెక్కుతున్నాను. గుహలో రాతి స్తూపం చుట్టూ తిరిగే చోటు, పైన కొండనే మలిచి ఇటుకతో చుట్టిన మహాస్తూపం, ద్వారం మీద బుద్ధుడు, ఒక్కొక్కటే ఇప్పుడు చెప్పగలను. కనుమ నాడు పొద్దున్న ఎనిమిదింటికి మెట్ల దగ్గర ఉంటాను. పెద్దమ్మ కూడా వస్తానంది. మీ పిల్లల్ని తీసుకురండి.

ఆగండాగండి, పాకం వచ్చింది, పెనం దింపుతున్నారు. ఆ అరిటాకు ముక్క ఇలా పట్టండి, కాలుతుంది జాగ్రత్త.