మరవకముందే మననం

చదివినదంతా గుర్తుండాలని కోరుకోని విద్యార్థి ఉండడు. చదివినదంతా గుర్తున్న విద్యార్థీ ఉండడు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించడానికి మన పెద్దలు ఎన్నో ఉపాయాలు ఆలోచించారు. వీధిబడిలో పిల్లలు ఎక్కాలను గొంతెత్తి వల్లించేవారు. శతక పద్యాలను కంఠస్థం చేసి మరునాడు గురువుగారికి అప్పజెప్పేవారు. వినడాన్ని శ్రవణమనీ, విన్నదానిని మనసులో మళ్లీ మళ్లీ తలచుకోవడాన్ని మననమనీ వేరుచేసి చెప్పారు. వినడంతోనే చదువు పూర్తికాదనీ, తలచుకున్నప్పుడే అది మన సొంతమవుతుందనీ ఆ విభజనలోని అంతరార్థం.

మన తెలుగువారి అవధాన ప్రక్రియలో ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకునికి పద్యం మొత్తాన్ని ఒకేసారి చెప్పడు. ఒక పాదం చెప్పి మరొకరి వైపు తిరుగుతాడు. అందరినీ చుట్టి వచ్చాక మొదటి పాదాన్ని జ్ఞాపకం చేసుకొని రెండవ పాదం అందుకుంటాడు. ఇలా నాలుగు ఆవృత్తులు ముగిశాక, ధారణలో పద్యాలన్నింటినీ పూర్తిగా అప్పజెప్పుతాడు. కొంత ఎడమిచ్చి, పుస్తకం చూడకుండా, మనసులో నుండి బయటికి తీయడమే ఇక్కడి సాధన. నేటి విద్యార్థులు సెల్‌ఫోనులో తయారుచేసుకునే ఫ్లాష్ కార్డుల వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

ఈ కార్డుల విలువను నేను మొదట తెలుసుకున్నది పరిశోధన గ్రంథాలలో కాదు, నా విద్యార్థుల దగ్గర. కామారెడ్డిలో జూనియర్ కళాశాల అధ్యాపకునిగా పనిచేసిన రోజులవి. కామారెడ్డి సికింద్రాబాదు-మన్మాడు రైలుమార్గంలో ఉన్న పట్టణం. బెల్లం వ్యాపారానికి పేరు పొందిన ఊరు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రమయింది. ఎల్లారెడ్డి, లింగంపేట ప్రాంతాల పల్లెల నుండి ఎందరో పిల్లలు ఆర్టీసీ బస్సులలో ఇక్కడికి వచ్చి చదువుకునేవారు. వారిలో చాలామంది పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఆంగ్ల మాధ్యమంలో చేరినవారు. ఊరు మారడం వారికి కష్టం కాలేదు. మాట మారడమే కష్టమయింది.

ఎల్లారెడ్డికి ఆవల ఉన్న ఒక పల్లె నుండి వచ్చే విద్యార్థిని బై.పి.సి.లో చేరింది. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. మూడు నెలలు తిరగకుండానే చదువు మానేస్తానన్నది. కారణం అడిగితే తలవంచుకొని, "సార్, ఈ పాఠం నాకు వచ్చు. దాని పేరే రాదు" అన్నది. ఆ ఒక్క మాటలో ఆమె కష్టమంతా ఉన్నది. కిరణజన్య సంయోగక్రియ ఎలా జరుగుతుందో ఆమె చక్కగా వివరించగలదు. ఫొటోసింథసిస్ అనేసరికి అది మరేదో కొత్త విషయమని భయపడుతున్నది. ద్రవాభిసరణ తెలుసు, ఆస్మాసిస్ తెలియదు. పత్రరంధ్రాలు తెలుసు, స్టొమేటా తెలియదు. తెలిసిన చదువే పేరు మార్చుకొని వచ్చి ఆమెను తెలియనిదానిగా చేసింది. తెలివితక్కువ వల్ల కాక, పేర్లు తెలియకపోవడం వల్ల ఒక పిల్ల చదువు ఆగిపోవడం కంటె అన్యాయం ఏముంటుంది?

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చొని ఒక ఏర్పాటు ఆలోచించాము. పాత పెళ్లిపత్రికలలో వెనుకవైపు ఖాళీగా ఉన్నవాటిని చిన్న ముక్కలుగా కత్తిరించాము. ప్రశ్న ఒక ముక్క మీద, జవాబు మరొక ముక్క మీద రాసి రెండింటినీ వీపులు కలిపి అంటించాము. ఒకవైపు "ట్రాన్స్‌పిరేషన్ అంటే ఏమిటి?" అని ఉంటే, రెండవవైపు "బాష్పోత్సేకం, మొక్క ఆకుల నుండి నీరు ఆవిరిగా వెలుపలికి పోవడం" అని ఉన్నది. రోజుకు పది కార్డులు చాలునన్నాను. బస్సులో కూర్చున్నంతసేపు ఆమె వాటిని తిప్పుకుంటూ వచ్చేది. కార్డులు వంద దాటేసరికి చిక్కు వచ్చిపడింది. ఏది వచ్చినదో, ఏది రానిదో, దేనిని ఎప్పుడు మళ్లీ చూడాలో తెలియలేదు. సంచీలో కార్డులు పెరిగాయి కాని క్రమం కుదరలేదు.

ఈ చిక్కు ఆమె ఒక్కదానిదే కాదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తానే వల్లించి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి, 1885లో ఒక గ్రంథం ప్రకటించాడు. నేర్చిన తొలి గంటలలో మరుపు వేగంగా ఉంటుందనీ, తరువాత మందగిస్తుందనీ ఆయన గమనించాడు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో కార్డులను పెట్టె అరలలో అమర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. జవాబు వచ్చిన కార్డు తరువాతి అరలోకి పోతుంది. దానిని ఆలస్యంగా చూస్తే చాలు. రాని కార్డు తిరిగి మొదటి అరకు వస్తుంది. దానిని వెంటనే చూడాలి. పోలెండుకు చెందిన పియోతర్ వోజ్నియాక్ 1987లో ఈ లెక్కను కంప్యూటరుకు అప్పగించి సూపర్‌మెమో అనే ప్రోగ్రాం రాశాడు. 2006లో డేమియన్ ఎల్మ్స్ రూపొందించిన ఆంకీ అదే దారిలో వచ్చింది. ఆంకీ అంటే జపాను భాషలో కంఠస్థం చేయడమని అర్థం. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇది ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి నింపుకున్నాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెలుగు లిపిలోనూ రాసుకోవచ్చు.

ఆ విద్యార్థిని ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. అది తండ్రితోపాటు పొలానికి పోయి చీకటిపడ్డాక ఇంటికి చేరేది. అందువల్ల రాత్రి ఇరవై నిమిషాలే ఆమె వంతు. ఆ ఇరవై నిమిషాలే చాలినాయి. కార్డు కనిపించగానే మనసులో జవాబు చెప్పుకోవాలి. ఆ తరువాతే రెండవవైపు చూడాలి. రాలేదా, కష్టంగా వచ్చిందా, బాగా వచ్చిందా, సులువుగా వచ్చిందా అన్నది మీట నొక్కి తెలపాలి. దానిని బట్టి ఫోను ఆ కార్డును రేపు చూపాలో, వారం తరువాత చూపాలో, నెల తరువాత చూపాలో నిర్ణయిస్తుంది. సరిగ్గా మరచిపోబోయే సమయానికి మనలను పలకరించడమే దాని పని. నిజాయితీగా మీట నొక్కడం మన పని. రానిదానిని వచ్చిందని నొక్కితే మోసపోయేది ఫోను కాదు.

కార్డులు తయారుచేయడంలో కొన్ని మెలకువలున్నాయి. మొదటిది, ఒక కార్డుకు ఒకే ప్రశ్న. ఎల్లారెడ్డికి చేరువలోనే ఉన్న నిజాంసాగర్‌ను తీసుకుందాం. "నిజాంసాగర్ గురించి రాయుము" అన్నది పరీక్షలో ప్రశ్న కావచ్చు కాని కార్డుకు పనికిరాదు. దానిని విడదీయాలి. ఏ నది మీద కట్టారు? మంజీర. మంజీర ఏ నదికి ఉపనది? గోదావరి. ఎప్పుడు పూర్తయింది? 1931. ఎవరి పాలనలో? ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. నిర్మాణాన్ని నడిపించిన ఇంజనీరు ఎవరు? నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇప్పుడు అయిదు కార్డులయ్యాయి. నాలుగు వచ్చి ఒకటి రాకపోతే, ఆ ఒక్కటే మళ్లీ మళ్లీ ఎదురుపడుతుంది; వచ్చిన నాలుగూ విద్యార్థి కాలాన్ని హరించవు.

రెండవది, పేర్లూ తేదీలతోపాటు కారణాలను అడిగే కార్డులు ఉండాలి. బాష్పోత్సేకానికి ఆ విద్యార్థిని తానే ఒక కార్డు రాసుకున్నది. "ఎండాకాలం మధ్యాహ్నం మక్కచేను ఆకులు ఎందుకు ముడుచుకుంటాయి?" అని ప్రశ్న. "వేళ్లు పీల్చే నీటికన్న ఆకులు కోల్పోయే నీరు ఎక్కువ కావడం వల్ల" అని జవాబు. తన చేనులో రోజూ చూసిన దృశ్యం పాఠ్యపుస్తకంలోని మాటకు అర్థం చెప్పింది. అటువంటి కార్డును మరచిపోవడం కష్టం. మూడవది, భాష మారినవారు కార్డును రెండు దిక్కులా రాసుకోవాలి. ఆంగ్లపదం చూసి తెలుగుమాట, తెలుగుమాట చూసి ఆంగ్లపదం గుర్తురావాలి. నాలుగవది, గుండె, పుష్పం వంటి పటాలలో భాగాల పేర్లను మూసి ఒక్కొక్కదానినే అడగాలి.

కార్డులను అమర్చుకోవడంలోనూ వివేకం అవసరం. ప్రతి పాఠానికి ఒక కట్ట పెట్టుకుంటే త్వరలోనే లెక్కలేనన్ని కట్టలవుతాయి. ఏ ప్రశ్న ఏ పాఠంలోనిదో ముందే తెలిసిపోయి జవాబుకు ఆసరా దొరుకుతుంది. పరీక్షలో ఆ ఆసరా ఉండదు. విషయానికి ఒక కట్ట చాలు. పాఠం పేరును కార్డుకు గుర్తుగా తగిలిస్తే కావలసినప్పుడు వెతుక్కోవచ్చు. కొత్త కార్డులు రోజుకు పదికి మించకుండా చూసుకోవాలి. పదయినా నెలకు మూడువందలవుతాయి. మొదటి రోజు ఉత్సాహంతో వంద చేర్చినవారు వారం తిరిగేసరికి బాకీపడిన కార్డుల గుట్టను చూసి పారిపోతారు. ఎన్నిసార్లు చూసినా రాని కార్డులను ఆంకీలో జలగలంటారు. జలగ రక్తాన్ని పీల్చినట్లే అవి కాలాన్ని పీలుస్తాయి. వాటితో కుస్తీపట్టడం కన్న పాఠం మళ్లీ చదివి, ఆ ప్రశ్నను విడగొట్టి తిరగరాసుకోవడం మేలు.

ఇతరుల కార్డులు తెచ్చుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. నా తరగతిలోనే ఒకరు వేలకొద్దీ కార్డులను మిత్రుని నుండి ఒక్క నిమిషంలో తీసుకున్నారు. ఒక్క వారంలో వదిలేశారు. ఏది ముఖ్యమో ఎంచడం, దానిని సొంత మాటలలో పెట్టడం, ప్రశ్నగా మలచడం, ఇదంతా చదువే. కార్డు సిద్ధమయ్యేసరికి పాఠంలో సగం మనదవుతుంది. అరువు తెచ్చుకున్న కార్డులో ఆ సగం ఉండదు.

చదివినదానినే తిరిగి తిరిగి చదివితే రాదా అన్నది మరొక సందేహం. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రకటించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు; మరికొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే పుస్తకం మూసి రాసినవారిదే పైచేయి. చదువు వారానికే కాదు, జీవితానికి కావాలి కదా!

అయితే కార్డులతో సర్వమూ సిద్ధిస్తుందనుకోవడం పొరపాటు. అర్థంకాని పాఠాన్ని కార్డులుగా ముక్కలు చేస్తే ముక్కలే మిగులుతాయి. పద్యంలోని రసం, వ్యాసంలోని వాదం, లెక్కలోని దారి కార్డులో ఇమడవు. ముందు గురువు చెప్పగా వినాలి, పుస్తకం చదవాలి, అర్థం చేసుకోవాలి. అలా అర్థమయినది జారిపోకుండా పట్టుకోవడానికే కార్డు.

ఆ విద్యార్థిని చదువు మానలేదు. రెండేళ్లలో ఆరువందలకు పైగా కార్డులు రాసుకొని ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. తరువాతి ఏడు అదే పల్లె నుండి వచ్చిన మరొక అమ్మాయి ఆమె కార్డులను అడిగింది. ఆమె ఇవ్వలేదు, బస్సులో పక్కన కూర్చోబెట్టుకొని కార్డు ఎలా రాయాలో నేర్పింది. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తల్లిభాషలో తెలుసుకున్నది వృథాపోదు. కొత్త భాషలోకి దానిని నడిపించే వంతెన కావాలి, అంతే. ఆ వంతెనను రోజుకు పది రాళ్లు పేర్చి ఎవరికి వారే కట్టుకోవాలి. మీ చేతిలోని ఫోను రోజంతా ఎన్నో విషయాలను మీ ముందుకు తెస్తుంది, వాటిలో చాలా భాగం మరుక్షణమే మరచిపోతారు. అందులో నుండి ఇరవై నిమిషాలు తీసి, మీరు మరవకూడదనుకున్నవాటికి కేటాయించండి. ఏది గుర్తుంచుకోవాలో నిర్ణయించుకునే అధికారం అప్పుడు మీ చేతిలోనే ఉంటుంది.